పరీక్షల వారంలో లెర్నింగ్ పోర్టల్ మీద సైబర్ దాడి: మొదటి గంట నుంచి మార్కుల జాబితా దాకా

మెయిల్ సర్వర్ ఆగితే యూనివర్సిటీలో ఇబ్బంది. లైబ్రరీ కేటలాగు ఆగితే విసుగు. లెర్నింగ్ పోర్టల్ ఆగితే మాత్రం తగాదా. అసైన్‌మెంట్ గడువులోపు ఎవరు పెట్టారు, క్విజ్ సగంలో ఆగిపోయిన వాళ్ల సంగతేంటి, ఇంటర్నల్స్‌లో 30కి 24 అని కనిపిస్తున్నది నిజంగా లెక్చరర్ వేసిన మార్కేనా అని ప్రశ్నలు మొదలవుతాయి. సైట్ ఎంత త్వరగా లేచిందన్నది అందరూ అడుగుతారు. లేచిన సైట్లోని మార్కులను ఎవరూ ముట్టుకోలేదని ఆధారాలతో చూపగలమా అన్నది తర్వాత ఎప్పుడో, రీవాల్యుయేషన్ దరఖాస్తుతోనో కోర్టు నోటీసుతోనో వస్తుంది. దానికి జవాబు దాడి జరిగిన మొదటి కొన్ని గంటల్లోనే మిగలడమో చెరిగిపోవడమో జరుగుతుంది. చాలాసార్లు దాన్ని చెరిపేది దాడి చేసినవాడు కాదు, హడావుడిగా పాత బ్యాకప్ ఎక్కించిన మన ఐటీ సెల్.

ఇక్కడి వివరాలన్నీ యూనివర్సిటీ సొంత సర్వర్లో, లైనక్స్ మీద, మరియాడీబీ డేటాబేస్‌తో నడిచే మూడుల్ (Moodle) అనే లెర్నింగ్ పోర్టల్ సాఫ్ట్‌వేర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. పోర్టల్‌ను కంపెనీ క్లౌడ్‌లో నడిపిస్తున్న చోట సర్వర్ పనులు ఆ కంపెనీ చేస్తుంది. మార్కుల తనిఖీ, పాస్‌వర్డులు, విద్యార్థులకు చెప్పడం మాత్రం అక్కడా యూనివర్సిటీ నెత్తినే ఉంటాయి.

ముందు, అది దాడేనా?

ఉదయం 10 గంటలకు 3,000 మందికి ఒకే క్విజ్ పెట్టారు. 10 గంటల 1 నిమిషానికి సైట్ తెరుచుకోవడం లేదు. వాట్సాప్ గ్రూపుల్లో "హ్యాక్ అయింది" అని మొదలవుతుంది. ఇలాంటి వాటిలో చాలావరకు దాడులు కావు. 16 జీబీ మెమరీ ఉన్న సర్వర్లో డేటాబేస్‌కు పోగా మిగిలిన దాంట్లో పీహెచ్‌పీ (మూడుల్‌ను రాసిన ప్రోగ్రామింగ్ భాష) ప్రాసెస్‌లు 100, మహా అయితే 150 నిలుస్తాయి. మిగతా వాళ్లంతా క్యూలో ఉంటారు, ఆగలేక రీఫ్రెష్ కొడతారు, క్యూ ఇంకా పెరుగుతుంది.

తేడా వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్‌లో, అంటే సైట్‌కు వచ్చిన ప్రతి అభ్యర్థనా నమోదయ్యే చిట్టాలో కనిపిస్తుంది. విద్యార్థులే అయితే అభ్యర్థనలు క్విజ్ పేజీలకు వెళ్తాయి, లాగిన్ అయిన సెషన్లతో వస్తాయి, క్యాంపస్ వైఫై ఐపీ నుంచో మన మొబైల్ నెట్‌వర్కుల నుంచో వస్తాయి. దాడి అయితే హోమ్‌పేజీ మీదో లాగిన్ పేజీ మీదో ఒకే అభ్యర్థన వేలసార్లు, ఎక్కడెక్కడి ఐపీల నుంచో, సెషన్ లేకుండా పడుతుంది. మొదటిదానికి మందు సెక్షన్ల వారీగా 10 నిమిషాల తేడాతో క్విజ్ మొదలుపెట్టడం. రెండోదానికి లాగిన్ పేజీ మీద రేటు పరిమితి (ఒక్కో ఐపీకి ఇన్ని అభ్యర్థనలే అన్న హద్దు), సర్వర్ ముందు ఒక సీడీఎన్ (మధ్యలో నిలబడి తాకిడిని కాచుకునే బయటి సర్వర్ల వలయం). సీడీఎన్ పెట్టాక సర్వర్ అసలు ఐపీని మార్చడం చాలామంది మరిచిపోతారు. పాత ఐపీ తెలిసినవాడు సీడీఎన్‌ను తప్పించుకుని నేరుగా సర్వర్ మీదే పడతాడు.

ఈ రకం దాడికి పెద్ద ముఠాలేమీ అక్కర్లేదు. 2020 సెప్టెంబరులో అమెరికాలోని మయామీ-డేడ్ జిల్లా పాఠశాలల ఆన్‌లైన్ తరగతులు మొదటి వారంలోనే కుప్పకూలాయి. ఆ కేసులో అరెస్టయింది అక్కడే చదువుతున్న 16 ఏళ్ల విద్యార్థి. వాడింది ఎవరైనా దించుకోగలిగే పాత టూల్.

అసలు భయపడాల్సినవి చప్పుడు చేయని లక్షణాలు. అర్ధరాత్రి 2 గంటలకు అడ్మిన్ లాగిన్, ఎవరూ సృష్టించని మేనేజర్ ఖాతా, "నేను వేసిన మార్కు ఇది కాదే" అని ఒక్క లెక్చరర్ చేసిన ఫిర్యాదు. ఆ ఫిర్యాదును "మీరే పొరపాటుగా నొక్కి ఉంటారు సార్" అని తోసిపుచ్చితే, దాడి చేసినవాడికి ఇంకో నెల దొరికినట్టే.

మొదటి గంటలో చేయకూడనివే ఎక్కువ

సర్వర్ పవర్ ఆపకూడదు. నడుస్తున్న ప్రాసెస్‌లు, తెరిచి ఉన్న కనెక్షన్లు, కొన్నిసార్లు ఎన్‌క్రిప్షన్ తాళంచెవి కూడా మెమరీలోనే ఉంటాయి. పవర్ పోతే అవీ పోతాయి. తెంచాల్సింది నెట్‌వర్కును. వర్చువల్ మెషీన్ అయితే మెమరీతో సహా స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితికి నకలు) తీసి, ఫైర్‌వాల్‌లో రెండు అడ్మిన్ ఐపీలకు తప్ప అన్నిటికీ దారి మూయాలి. కళ్లముందే ఫైళ్లు ఒక్కొక్కటిగా ఎన్‌క్రిప్ట్ అవుతుంటే ఆ సర్వర్ వరకు వెంటనే పాజ్ చేయడం సరైనదే. పాజ్ చేస్తే మెమరీ మిగులుతుంది, షట్‌డౌన్‌లో మిగలదు.

మూడుల్‌లో మెయింటెనెన్స్ మోడ్ పెట్టి ఊరుకోవడం తరచూ జరిగే తప్పు. ఆ మోడ్ మూడుల్ కోడ్ లోపల పనిచేస్తుంది. దాడి చేసినవాడు వెబ్ ఫోల్డర్లో సొంత పీహెచ్‌పీ ఫైలు పెట్టి ఉంటే, వెబ్ సర్వర్ దాన్ని మూడుల్‌తో సంబంధం లేకుండా నడిపిస్తుంది. విద్యార్థులకు దుకాణం మూసినట్టు బోర్డు కనిపిస్తుంది, వాడు పెరటి తలుపులోంచి తిరుగుతూనే ఉంటాడు. అందుకే మూసివేత ఫైర్‌వాల్ దగ్గరే జరగాలి. "పోర్టల్ తాత్కాలికంగా నిలిపివేశాం" అనే పేజీ వేరే సర్వర్ నుంచి రావాలి.

వెంటనే ఆపాల్సింది ఇంకొకటి ఉంది: క్రాన్. మామూలుగా నిమిషానికోసారి తనంతట తానే నడిచే ఈ పని మూడుల్‌కు ఊపిరి లాంటిదని అందరికీ తెలుసు. అదే పని పాత లాగ్‌లను, గడువు తీరిన సెషన్లను, ఎవరూ వాడని ఫైళ్లను ఊడ్చేస్తుందన్నది ఇలాంటి రోజున గుర్తుకు రాదు. లాగ్‌లను ఇన్ని రోజులే ఉంచాలని ఎవరో ఎప్పుడో సెట్టింగ్ పెట్టి ఉంటే, మనం తల పట్టుకుని కూర్చున్న రాత్రే క్రాన్ వాటిని తుడిచేయొచ్చు.

ఇక కాపీలు. డిస్కు మొత్తానికి ఇమేజ్ తీయాలి, షా-256 హ్యాష్ (డేటాలో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కగట్టాలి, రెండు ప్రతులు వేర్వేరు చోట్ల పెట్టాలి. పరిశీలన అంతా రెండో ప్రతి మీదే. ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ డిస్కు నుంచి తీశారో మామూలు నోట్‌బుక్‌లో రాసి సంతకం చేయించాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ హ్యాష్ విలువే రాయాలి. ఆరు నెలల తర్వాత దాన్ని కొత్తగా పుట్టించలేం.

నోట్‌బుక్‌లో సమయం రాసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. మూడుల్ డేటాబేస్‌లో సమయం 1970 నుంచి లెక్కించిన సెకన్లలో ఉంటుంది. వెబ్ సర్వర్ లాగ్ చాలా చోట్ల యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. లెక్చరర్ చెప్పేది మన సమయం. ఐదున్నర గంటల తేడాను మరిచిపోయి, రాత్రి ఇంట్లో నిద్రపోతున్న లెక్చరర్ సాయంత్రం ల్యాబ్ నుంచి మార్కులు మార్చినట్టు నివేదిక రాసేస్తారు.

గడియారాలు రెండు

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ సంఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) జారీ చేసిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటనను గమనించిన 6 గంటల్లోపు దానికి తెలపాలి. పూర్తి వివరాలు తేలేదాకా ఆగనక్కర్లేదు. తెలిసినంత వరకు పంపి, మిగతాది తర్వాత పంపొచ్చు. ఆ ఆదేశాల్లోనే లాగ్‌లు 180 రోజులు దేశంలోనే ఉంచాలని, సర్వర్ల గడియారాలను ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) సమయంతో కలపాలని కూడా ఉంది.

రెండోది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. డేటా ఉల్లంఘన బాధ్యతలు 18 నెలల తర్వాత అమలయ్యేలా పెట్టారు. అప్పటి నుంచి విద్యార్థుల వివరాలు బయటికి పోతే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు ఆలస్యం లేకుండా చెప్పాలి, 72 గంటల్లో వివరంగా రాయాలి, ఎవరి వివరాలు పోయాయో వాళ్లకూ చెప్పాలి. పోలీసు ఫిర్యాదు వేరు. 1930 నంబరు ముఖ్యంగా డబ్బు పోయిన కేసులను వెంటనే ఆపడానికి పెట్టింది. ఇలాంటి దాడికి రిజిస్ట్రార్ పేరుతో సైబర్ క్రైమ్ స్టేషన్లో రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వడమే దారి. 6 గంటల్లో రిజిస్ట్రార్ సంతకం దొరకాలంటే, ఆ అధికారం ముందే ఇంకొకరికి రాసి ఉంచాలి. ఆదివారం రాత్రి ఫైలు నడవదు.

లోపలికి ఎలా వచ్చారు

విద్యార్థి అసైన్‌మెంట్‌గా పీహెచ్‌పీ ఫైలు ఎక్కించి సర్వర్‌ను పట్టేశాడని చాలామంది మొదట ఊహిస్తారు. సరిగా అమర్చిన మూడుల్‌లో అది దాదాపు కుదరదు. ఎక్కించిన ఫైళ్లు వెబ్ ఫోల్డర్ బయట మూడుల్‌డేటా అనే చోట, అసలు పేరూ ఎక్స్‌టెన్షనూ లేకుండా నిల్వ అవుతాయి. అసలు దారి సాధారణంగా ఇంకా సులువైనది: ఎవరిదో పాస్‌వర్డ్. ల్యాబ్‌లో లెక్చరర్ లాగౌట్ చేయకుండా వెళ్లిన కంప్యూటర్, ఫిషింగ్ మెయిల్ (నమ్మించి మోసగించే నకిలీ మెయిల్), వేరే సైట్లో లీకైన అదే పాస్‌వర్డ్.

లెక్చరర్ ఖాతా పోతే ఒక కోర్సు పోతుంది. సైట్ అడ్మిన్ ఖాతా పోతే సర్వరే పోతుంది. అడ్మిన్‌కు బ్రౌజర్ నుంచే జిప్ ఫైలుగా ప్లగిన్ ఎక్కించే వీలుంది, ప్లగిన్ అంటే నడిచే పీహెచ్‌పీ కోడ్. కాన్ఫిగ్ ఫైలులో ఒక్క వరుసతో ఆ దారిని మూసేయొచ్చు. మూసిన సంస్థలు తక్కువ.

కాబట్టి వెతుకులాట ఇలా సాగుతుంది. డిస్కు ప్రతిలోని మూడుల్ కోడ్‌ను, అదే వెర్షన్ అధికారిక ప్యాకేజీని వేరే కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి పోల్చాలి. అదనంగా ఉన్న ప్రతి ఫైలుకూ జవాబు దొరకాలి. ఫైలు మార్చిన తేదీని నమ్మకూడదు, దాన్ని ఒక్క కమాండ్‌తో వెనక్కి జరపొచ్చు. డేటాబేస్‌లో సైట్ అడ్మిన్ల జాబితా కాన్ఫిగ్ టేబుల్లో ఒకే వరుసలో యూజర్ నంబర్లుగా ఉంటుంది. అక్కడ అదనంగా చేరిన నంబరు మామూలు పాత్రల పేజీలో కనిపించదు. పాత్రల కేటాయింపు టేబుల్లో విద్యార్థికి మేనేజర్ హోదా ఎప్పుడు వచ్చిందో చూడాలి. లాగ్ టేబుల్లో "అసలు యూజర్" అనే గడి ఉంటుంది. అడ్మిన్ ఎవరైనా వేరొకరిగా లాగిన్ అయి పనిచేస్తే అక్కడ నంబరు పడుతుంది. లెక్చరర్ పేరుతో మార్కు మారినా ఆ గడి నిండి ఉంటే, మార్చింది ఆ లెక్చరర్ కాదు.

ఐపీ విషయంలో చేదు నిజం ఒకటుంది. సర్వర్ ముందు రివర్స్ ప్రాక్సీ (అభ్యర్థనలను ముందు తాను అందుకుని లోపలికి పంపే సర్వర్) పెట్టి, అసలు ఐపీని చదివే సెట్టింగ్ పెట్టకపోతే మూడుల్ లాగ్ మొత్తంలో ఒకే ఐపీ ఉంటుంది, అది ప్రాక్సీది. అప్పుడు ప్రాక్సీ సొంత లాగ్ ఒక్కటే దిక్కు. ఉబుంటు, డెబియన్‌లలో వెబ్ సర్వర్ లాగ్‌లు ముందే ఉన్న అమరికలో రోజుకొకటి చొప్పున 14 మాత్రమే నిలుస్తాయి. సెర్ట్-ఇన్ అడిగే 180 రోజులకు, ఎవరూ ముట్టని ఈ 14 రోజులకు మధ్య దూరం ఎంతో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ ఉదంతం చెబుతుంది.

అక్కడ 2019 డిసెంబరు 23న ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) 267 విండోస్ సర్వర్లను ఎన్‌క్రిప్ట్ చేసింది. యూనివర్సిటీ నియమించిన ఫాక్స్-ఐటీ సంస్థ వెనక్కి తవ్వుకుంటూ పోతే మొదటి ఫిషింగ్ మెయిల్ అక్టోబరు 15న తెరిచినట్టు తేలింది. నవంబరు 21కి దాడి చేసినవాళ్ల చేతిలో పూర్తి అధికారాలున్నాయి. అందరికీ కనిపించిన రోజుకు, వాళ్లు అడుగుపెట్టిన రోజుకు మధ్య 69 రోజులు. 14 రోజుల లాగ్‌తో ఆ మొదటి మెయిల్ ఎన్నటికీ దొరికేది కాదు.

మార్కులు

దాడి తర్వాత నివేదికల్లో సర్వర్ల గురించి 20 పేజీలు, మార్కుల గురించి రెండు వాక్యాలు ఉంటాయి. తలకిందులుగా ఉండాల్సింది. మూడుల్ మార్కుల ఆనవాళ్లను ఒక్క చోట కాదు, మూడు నాలుగు చోట్ల వదులుతుంది. పోర్టల్ ద్వారా కాకుండా నేరుగా డేటాబేస్‌లో మార్కు మార్చినవాడు వాటన్నిటినీ ఒకేలా దిద్దడం చాలా కష్టం. తనిఖీ మొత్తం ఆ కష్టం మీదే ఆధారపడుతుంది.

ప్రస్తుత మార్కు ఒక టేబుల్లో ఉంటుంది. దాని ప్రతి మార్పూ ఎవరు, ఎప్పుడు, ఏ దారిన చేశారన్న వివరంతో చరిత్ర టేబుల్లో ఉంటుంది. మార్కు పడిన సంఘటన లాగ్ టేబుల్లో వేరుగా ఉంటుంది. దాడికి ముందటి బ్యాకప్‌లో పాత మార్కు ఉంటుంది. ఈ నాలుగింటినీ విద్యార్థి నంబరు, గ్రేడ్ ఐటమ్ (మార్కు పడే ఒక్కో క్విజ్ లేదా అసైన్‌మెంట్) నంబరు ఆధారంగా కలిపి ఒక పట్టిక తీస్తే వేల వరుసలు సరిపోతాయి, కొన్ని సరిపోవు. ప్రస్తుత మార్కు 26 అయి, చరిత్రలో చివరి వరుస 16 అని ఉంటే ఎవరో వెనక దారిన వచ్చారు. చరిత్రా లాగూ రెండూ 26 అంటూ, మార్చిన ఖాతా లెక్చరర్‌దై, సమయం రాత్రి 1 గంటై, ఐపీ హాస్టల్ వైఫైది అయితే పాస్‌వర్డ్ పోయిందని అర్థం. రెండింటికీ చర్యలు వేరు. చరిత్రను నిలిపివేసే సెట్టింగ్ ఒకటి మూడుల్‌లో ఉంది. డేటాబేస్ బరువు తగ్గించాలని దాన్ని పెట్టిన చోట ఈ తనిఖీ సగం కుంటిదవుతుంది.

క్విజ్‌లకు ఇంకా గట్టి ఆధారం ఉంది. విద్యార్థి పెట్టిన ప్రతి జవాబూ విడి అడుగుగా, సమయంతో నిల్వ అవుతుంది. క్విజ్ ఫలితాల పేజీలో రీగ్రేడ్ (మార్కులు మళ్లీ లెక్కించడం) ఉంటుంది, అందులో ఏమీ మార్చకుండా తేడాలు మాత్రమే చూపే డ్రై రన్ ఉంటుంది. దాడి తర్వాత ప్రతి క్విజ్‌కూ ముందు డ్రై రన్ చేయాలి. ఒక చిక్కు మాత్రం ఉంది: రీగ్రేడ్ ఇప్పుడున్న జవాబు కీతోనే లెక్కిస్తుంది. దాడి చేసినవాడు మార్కును వదిలేసి కీనే మార్చి ఉంటే రీగ్రేడ్ వాడికి అనుకూలంగానే వస్తుంది. మూడుల్ 4 నుంచి ప్రశ్నలకు వెర్షన్లు ఉంటాయి కాబట్టి, దాడి కాలంలో కొత్త వెర్షన్ పుట్టిన ప్రశ్నలను ముందే వేరు చేయాలి.

అసైన్‌మెంట్ ఫైళ్ల విషయంలో మూడుల్ నిర్మాణం ఒక వరం. నిల్వ ఫోల్డర్లో ప్రతి ఫైలు పేరు ఆ ఫైలు షా-1 హ్యాషే. అన్ని ఫైళ్లకూ మళ్లీ హ్యాష్ కట్టి పేరుతో పోలిస్తే చెడినవి, ఎన్‌క్రిప్ట్ అయినవి ఇట్టే బయటపడతాయి. సెకనుకు 150 ఎంబీ చదివే డిస్కు మీద 500 జీబీకి గంట లోపే పడుతుంది. పేరూ హ్యాషూ కలిస్తే ఫైలు మారలేదని మాత్రమే అర్థం. అందులో వైరస్ లేదని కాదు.

యంత్రం చేసే పని అంతవరకే. మిగిలిన అనుమానపు వరుసలను ఆ కోర్సు లెక్చరర్‌కు పంపి, దిద్దిన కాగితాలతోనో, మిడ్ తర్వాత దించుకున్న ఎక్సెల్ షీటుతోనో పోల్చి సంతకం చేయించాలి. ప్రతి మిడ్ తర్వాత మార్కులు దించి ఎగ్జామ్ బ్రాంచికి ఇచ్చే అలవాటు ఉన్న కాలేజీల్లో ఇది రెండు రోజుల పని. లేని చోట వారాలు పడుతుంది. ఇక ప్రశ్నల బ్యాంకులో రాబోయే పరీక్షల ప్రశ్నలుంటే అవి బయటపడ్డాయనే అనుకోవాలి. దించుకోలేదని రుజువు చేయడం దాదాపు కుదరదు, కొత్త పేపరు వేయడం కుదురుతుంది.

గడువుల సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. పోర్టల్ ఎన్ని రోజులు మూతపడిందో అన్ని రోజులు, పైన ఇంకో రోజు, అందరికీ ఒకేలా పొడిగించడం న్యాయం. "ఆ రాత్రి అప్‌లోడ్ చేయబోయాను" అన్న ఒక్కొక్క అభ్యర్థననూ విచారించడం మొదలుపెడితే సెమిస్టర్ అయిపోయినా తెగదు.

తిరిగి నిలబెట్టడం

ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తది, మూడుల్ కోడ్ అధికారిక ప్యాకేజీ నుంచి కొత్తది, ప్లగిన్లు కూడా అసలు చోటు నుంచి కొత్తవి. బ్యాకప్ నుంచి తెచ్చుకోవాల్సింది డేటాబేస్, ఫైళ్లు మాత్రమే. సర్వర్ మొత్తాన్ని పోయిన వారపు ఇమేజ్ నుంచి లేపితే, మాస్ట్రిక్ట్ లెక్కన చూస్తే, రెండు నెలల క్రితం వచ్చిన అతిథిని కూడా మళ్లీ లేపినట్టే.

డేటాబేస్, ఫైళ్ల బ్యాకప్‌లు ఏ వరుసలో తీశారన్నది ఇప్పుడు బయటపడుతుంది. ముందు డేటాబేస్ డంప్ (డేటాబేస్ మొత్తానికి నకలు), ఆ తర్వాత ఫైళ్లు కాపీ చేసి ఉంటే క్షేమం. ఫైళ్ల ఫోల్డర్లో కొన్ని అదనంగా ఉంటాయి, నష్టం లేదు. ముందు ఫైళ్లు కాపీ చేసి తర్వాత డంప్ తీస్తే, ఆ మధ్య గంటల్లో వచ్చిన అసైన్‌మెంట్లు డేటాబేస్‌లో పేరుంటాయి, తెరిస్తే ఫైలుండదు. రాత్రి 2 గంటల డంప్‌కు, దాడి జరిగిన నిమిషానికి మధ్య ఖాళీని డేటాబేస్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే బైనరీ లాగ్ పూరించగలదు. కానీ మరియాడీబీలో అది మనం పెడితే తప్ప పనిచేయదు. పెట్టినా, అది వేరే డిస్కు మీదో వేరే సర్వర్ మీదో ఉంటేనే ఉపయోగం.

బ్యాకప్ డ్రైవు ఎప్పుడూ సర్వర్‌కు తగిలించి ఉంటే, సర్వర్ రాయగలిగిన చోట దాడి చేసినవాడూ రాయగలడు. మాస్ట్రిక్ట్‌లో కొన్ని బ్యాకప్‌లు కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యాయి. డబ్బు కట్టాలన్న నిర్ణయం వెనక అదీ ఒక కారణం. వాళ్లు 30 బిట్‌కాయిన్లు, అప్పటి విలువలో దాదాపు 2 లక్షల యూరోలు కట్టారు, తాళంచెవి వచ్చింది. కొంత సొమ్మును పోలీసులు తర్వాత పట్టుకున్నారు. 2020లో దాని విలువ 40 వేల యూరోలు, 2022లో తిరిగి ఇచ్చేసరికి బిట్‌కాయిన్ ధర పెరిగి 5 లక్షల దాకా అయింది. ఇలాంటి ముగింపు మీద ఆశ పెట్టుకోవడం కంటే బ్యాకప్ సర్వరే వచ్చి డేటా లాక్కునేలా, ప్రధాన సర్వర్‌కు దాని మీద రాసే హక్కు లేకుండా అమర్చడం చవక.

తాళంచెవి కోసం కట్టడం ఒకటి, "దొంగిలించిన డేటా చెరిపేస్తాం" అన్న మాట కోసం కట్టడం మరొకటి. రెండోదాన్ని సరిచూసే మార్గం లేదు. అమెరికాలో పాఠశాలల వివరాలు నిర్వహించే పవర్‌స్కూల్ సంస్థ నుంచి 2024 డిసెంబరులో డేటా పోయింది, సంస్థ డబ్బు కట్టింది. 2025 మేలో అదే డేటా చూపించి నేరుగా పాఠశాల జిల్లాలనే బెదిరించారు.

పాస్‌వర్డులు, క్యూలు

జర్మనీలోని గీసెన్ యూనివర్సిటీ 2019 డిసెంబరు 8న దాడిని గుర్తించి తన నెట్‌వర్కును మొత్తం ఆపేసింది. ఆ తర్వాత దాదాపు 38,000 మంది కొత్త మెయిల్ పాస్‌వర్డ్ కోసం గుర్తింపు కార్డు పట్టుకుని వ్యాయామశాల ముందు వరుసలో నిలబడ్డారు, పుట్టిన నెలను బట్టి రోజులు కేటాయించారు. చూసినవాళ్లకు నవ్వొచ్చి ఉంటుంది గానీ తర్కం గట్టిది. మెయిల్ కూడా దాడి చేసినవాడి చేతిలో ఉందన్న అనుమానం ఉంటే, మెయిల్‌కు పంపే రీసెట్ లింక్ మొదట చేరేది వాడికే.

మన దగ్గర 20,000 మంది ఉన్న యూనివర్సిటీలో ఇదే చేయాలంటే శాఖల వారీగా, హాల్ టికెట్ చూసి, డిపార్ట్‌మెంట్ ఆఫీసుల్లో ఇవ్వడం కుదురుతుంది. మెయిల్ సురక్షితమని తేలితే లింకులు పంపొచ్చు, అయితే గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఒక ఖాతా నుంచి రోజుకు 2,000 మెయిళ్లే వెళ్తాయి. ఆ లెక్కన 10 రోజులు. ఎస్ఎంఎస్ అయితే డీఎల్‌టీలో (సంస్థలు పంపే ఎస్ఎంఎస్‌లను నమోదు చేసే టెలికాం వ్యవస్థలో) ముందే నమోదైన టెంప్లేట్ ఉండాలి; దాడి జరిగిన రోజున దరఖాస్తు పెట్టి ఆమోదం కోసం చూస్తూ కూర్చోకూడదంటే ఇప్పుడే నమోదు చేసి ఉంచుకోవాలి.

పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన లోపలున్నవాడు బయటికి పోడు. మూడుల్‌లో సెషన్లన్నీ తెంచే కమాండ్ ఉంది, అది బ్రౌజర్ల వరకే. మొబైల్ యాప్ నడిచేది వెబ్ సర్వీస్ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు పనిచేసే అనుమతి సంకేతం) మీద. పాస్‌వర్డ్ మారితే టోకెన్ కూడా చెరగాలని సెట్టింగ్ పెట్టకపోతే పాత టోకెన్ అలాగే పనిచేస్తుంది. టోకెన్ల టేబుల్ మొత్తం ఖాళీ చేసేయడం మేలు, విద్యార్థులు యాప్‌లో ఇంకోసారి లాగిన్ అవుతారు, అంతే. కాన్ఫిగ్ ఫైలులో ఉన్న డేటాబేస్ పాస్‌వర్డ్, మెయిల్ పంపే ఖాతా పాస్‌వర్డ్, వీడియో క్లాసుల కీలు, బయటి టూల్స్‌తో పంచుకున్న రహస్య సంకేతాలు, సింగిల్ సైన్-ఆన్ (ఒకే లాగిన్‌తో అన్ని సైట్లూ తెరిచే ఏర్పాటు) కీలు అన్నీ మారాలి. చాలా చోట్ల చివరిది మిగిలిపోతుంది, ఎందుకంటే ఆ కీ ఎక్కడుందో తెలిసిన ఉద్యోగి ఎప్పుడో మానేసి ఉంటాడు.

ఏం చెప్పాలి

మొదటి ప్రకటనలో "ఎలాంటి డేటా పోలేదు" అనకూడదు. ఆ గంటలో అది ఎవరికీ తెలియదు, తర్వాత అబద్ధమైతే మార్కులు సరిగ్గా ఉన్నాయన్న నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఇంత చాలు: "లెర్నింగ్ పోర్టల్‌లో అనధికార ప్రవేశం గుర్తించి మంగళవారం ఉదయం 9 గంటల 20 నిమిషాలకు మూసివేశాం. అసైన్‌మెంట్ గడువులన్నీ నిలిపివేశాం, పోర్టల్ తెరిచాక కొత్త తేదీలు ఇస్తాం. ఇదే పాస్‌వర్డ్ వేరే చోట వాడుతుంటే అక్కడ మార్చుకోండి. పోర్టల్ పేరుతో వచ్చే ఏ లింకూ నొక్కకండి, నోటీసు బోర్డు మీద ముందుగా చెప్పేదాకా మేం లింకులు పంపం. తర్వాతి సమాచారం సాయంత్రం 6 గంటలకు." సాయంత్రం 6కు కొత్త విషయం లేకపోయినా "కొత్త విషయం లేదు" అని చెప్పాలి. తెలుగులోనూ ఇంగ్లిషులోనూ, హెచ్‌ఓడీల నుంచి సీఆర్‌ల (క్లాసు ప్రతినిధుల) ద్వారా క్లాసు గ్రూపుల్లోకి, నోటీసు బోర్డు మీదికి వెళ్లాలి. లింకులు పంపబోమన్న వాక్యం ముఖ్యం. "పోర్టల్ మళ్లీ తెరిచాం, ఇక్కడ లాగిన్ అవండి" అనే నకిలీ మెయిళ్లు ఇలాంటి వార్త బయటికొచ్చిన మర్నాటి నుంచే మొదలవుతాయి.

తెరిచే రోజున అందరికీ ఒకేసారి తెరవనక్కర్లేదు. మొదట అడ్మిన్లు, రెండో అంచె ధ్రువీకరణతో. తర్వాత రెండు రోజులు లెక్చరర్లకు మాత్రమే, తమ గ్రేడ్‌బుక్ చూసి సంతకం చేయడానికి. ఆ తర్వాత విద్యార్థులకు పాఠాలు, అసైన్‌మెంట్లు. మార్కులు పడే క్విజ్‌లు అన్నిటికన్నా చివర, ఒక డమ్మీ క్విజ్‌తో సర్వర్ బరువు చూసుకున్నాక. కొత్త అడ్మిన్ చేరినా, ప్లగిన్ ఎక్కినా, రాత్రి 11 నుంచి ఉదయం 6 మధ్య మార్కు మారినా ఇద్దరికి వెంటనే మెయిల్ వచ్చేలా పెట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఐటీ సెల్ వాళ్లు కాకుండా ఎగ్జామ్ బ్రాంచి వాళ్లయి ఉండాలి.